ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్: ఇంట్లో అమరిక, వాయించే తీరు

ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్ అనేది రబ్బరు పలకల మీద పుల్లలతో కొట్టిన దెబ్బను విద్యుత్ సంకేతంగా పట్టుకుని, ముందే దాచిపెట్టిన ధ్వనిని వినిపించే లయవాద్యం. మృదంగంలోనైనా డప్పులోనైనా దెబ్బ తినేదీ మోగేదీ ఒకే చర్మం. ప్యాడ్‌లో కొట్టే చోటు వేరు, మోగే చోటు వేరు. ఒకే పలక ఒక పాటకు బేస్ డ్రమ్‌గా, మరో పాటకు తబలాగా, ఇంకో పాటకు చప్పట్లుగా పలుకుతుంది. ఈ వాద్యంలోని సౌకర్యాలు, లోపాలు, ఇంట్లో పెట్టుకునేటప్పుడు చేయాల్సిన సర్దుబాట్లు చాలావరకు ఈ ఎడం నుంచే పుట్టాయి.

తెలుగు ప్రాంతాల్లో దీన్ని ప్యాడ్స్ అనీ, రిథమ్ ప్యాడ్ అనీ, అన్నిటికంటే ఎక్కువగా ఆక్టోప్యాడ్ అనీ అంటారు. పెళ్లి ఆర్కెస్ట్రాల్లో, చర్చి వాద్యబృందాల్లో, భజన కార్యక్రమాల్లో, వినాయక చవితి పందిళ్ల దగ్గర జరిగే పాటకచేరీల్లో కీబోర్డు పక్కన ఇది దాదాపు తప్పనిసరి అయింది. డ్రమ్ సెట్, ఢోలక్, తబలా, కాంగో వాయించే నలుగురి పనిని ఒక్కరు చూసుకోగలగడం, మొత్తం వాద్యం ఒక సంచిలో ఇమిడిపోవడం దీనికి కారణాలు.

చరిత్ర

కొడితే ఎలక్ట్రానిక్ ధ్వని పలికే డ్రమ్ములు అమెరికాలో 1976లో సిన్‌డ్రమ్ పేరుతో బజారుకు వచ్చాయి. జో పొలార్డ్, మార్క్ బార్టన్ వాటి రూపకర్తలు. 1981లో ఇంగ్లండ్‌లోని సిమన్స్ సంస్థ ఎస్‌డీఎస్-5ను తెచ్చింది. ఆరు భుజాల తేనెపట్టు గదిలాంటి దాని ఆకారం ఆ దశాబ్దపు పాప్ సంగీతానికే గుర్తుగా మిగిలింది. అయితే పైపొర గట్టి పాలీకార్బనేట్ కావడంతో వాయించేవారికి మణికట్టు నొప్పులు వచ్చేవి. తర్వాతి తయారీదారులు రబ్బరు వైపు మొగ్గడానికి ఈ ఇబ్బందే పెద్ద కారణం.

1983లో వచ్చిన మిడి ప్రమాణం ఈ వాద్యం దిశను మార్చింది. ఒక కంపెనీ పరికరం మీద కొట్టిన దెబ్బతో మరో కంపెనీ పరికరంలోని ధ్వనిని మోగించే వీలు దానితో కలిగింది. జపాన్‌కు చెందిన రోలాండ్ సంస్థ 1985లో విడుదల చేసిన ఆక్టోప్యాడ్, అంటే ప్యాడ్-8, ఈ వీలును పూర్తిగా వాడుకుంది. రెండు వరుసల్లో ఎనిమిది పలకలు ఉన్న ఆ పెట్టెకు సొంత ధ్వని లేదు. వేరే సౌండ్ మాడ్యూల్‌కు తగిలిస్తేనే పలికేది. 1990లో ఎస్‌పీడీ-8తో ధ్వనులు కూడా అదే పెట్టెలోకి వచ్చాయి. 1998 నాటి ఎస్‌పీడీ-20 భారతీయ రంగస్థలం మీద ఎంతగా పాతుకుపోయిందంటే, ఏ కంపెనీ ప్యాడ్‌నైనా ఆక్టోప్యాడ్ అనడం ఇక్కడ అలవాటైంది. 2003లో ఎస్‌పీడీ-ఎస్, 2011లో ఎస్‌పీడీ-ఎస్‌ఎక్స్ వచ్చి, వాయించేవారు తామే రికార్డు చేసుకున్న ధ్వనులను పలకల మీద పెట్టుకునే పద్ధతిని వేదికల మీదికి తెచ్చాయి.

దీనికి సమాంతరంగా మరో దారి నడిచింది. రోజర్ లిన్ 1980లో రూపొందించిన ఎల్ఎమ్-1 అసలు డ్రమ్ముల రికార్డింగులను వాడిన తొలి డ్రమ్ మెషీన్. ఆయనే అకాయ్ సంస్థ కోసం రూపొందించిన ఎంపీసీ-60 1988లో వచ్చింది. పదహారు చిన్న పలకలను వేళ్లతో నొక్కి వాయించే ఆ పద్ధతి హిప్‌హాప్ సంగీతానికి పునాది అయింది. ఇంట్లో కంప్యూటర్ పక్కన పెట్టుకునే నేటి ఫింగర్ ప్యాడ్‌లన్నీ ఆ కోవలోవే.

లోపల జరిగే పని

చాలా ప్యాడ్‌లలో ప్రతి పలక కింద పల్చని ఇత్తడి బిళ్ల, దాని మీద అతికించిన పింగాణీ పొర ఉంటాయి. ఇది పీజో బిళ్ల. ఒత్తిడి పడితే కొన్ని పదార్థాల్లో విద్యుత్తు పుడుతుందని పియర్, జాక్ క్యూరీ సోదరులు 1880లో కనుగొన్నారు. ప్యాడ్ ఆధారపడింది ఆ ధర్మం మీదే. పుల్ల తగలగానే రబ్బరు కంపిస్తుంది, బిళ్ల వంగుతుంది, ఒక వోల్టేజి పోటు లేస్తుంది. యంత్రం ఆ పోటును చూసిన వెంటనే ధ్వనిని వదలదు. అల శిఖరం ఎంత ఎత్తుకు వెళుతుందో తెలుసుకోవడానికి ఒకటి రెండు మిల్లీసెకన్లు ఆగి, ఆ ఎత్తును 1 నుంచి 127 వరకు ఉన్న అంకెల్లో ఒకటిగా మారుస్తుంది. మిడి భాషలో ఇది వెలాసిటీ. మెల్లగా తాకితే 20, కసిగా కొడితే 120. ఆ అంకెను బట్టే ధ్వని బిగ్గరగానో సన్నగానో వస్తుంది. మంచి పరికరాల్లో ధ్వని స్వభావం కూడా మారుతుంది. ఒకే స్నేర్‌ను మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా కొట్టి తీసిన వేర్వేరు రికార్డింగులను పొరలుగా పేర్చి పెడతారు.

దెబ్బ పడ్డాక రబ్బరు వెంటనే ఊరుకోదు, కాసేపు వణుకుతుంది. ఆ వణుకును యంత్రం మరో దెబ్బగా పొరబడకుండా, మొదటి దెబ్బ తర్వాత కొద్ది సేపు ఆ పలకను పట్టించుకోకుండా ఉంటుంది. ఈ వ్యవధి మరీ తక్కువైతే ఒక దెబ్బకు రెండు ధ్వనులు వస్తాయి, మరీ ఎక్కువైతే వేగంగా వేసే జంట దెబ్బల్లో రెండోది మాయమవుతుంది. పలకలన్నీ ఒకే పెట్టెకు బిగించి ఉండటం వల్ల ఒకదాని మీద కొడితే పక్కది కూడా కదిలి పలికే ప్రమాదం ఉంది. దీన్ని క్రాస్‌టాక్ అంటారు.

రకాలు

ఇంటికి తెచ్చుకునే ప్యాడ్‌లు ప్రధానంగా మూడు తీరులు. యమహా డీడీ-75 లాంటి బల్లమీది ప్యాడ్‌లకు స్పీకర్లు, కాలి పెడళ్లు వెంటే వస్తాయి. బ్యాటరీలతో కూడా నడుస్తాయి. కొత్తగా నేర్చుకునే పిల్లలకు ఇవి చాలు. ఆక్టోప్యాడ్, ఎస్‌పీడీ-ఎస్‌ఎక్స్, పన్నెండు పలకల యమహా డీటీఎక్స్-మల్టీ 12, అలిసిస్ స్ట్రైక్ మల్టీప్యాడ్ వంటివి స్టాండ్ మీద బిగించే వేదిక పరికరాలు. వీటికి స్పీకర్లు ఉండవు. మూడో తీరు యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు తగిలించే ఫింగర్ ప్యాడ్. 1997లో మొదలైన రోలాండ్ వీ-డ్రమ్స్ తరహా పూర్తి డ్రమ్ సెట్లు వేరే కుటుంబం. జాలీ గుడ్డ బిగించిన విడివిడి ప్యాడ్‌లు, సింబల్స్, కాలి కిక్ ఉన్న వాటికి ఒక గది మూల మొత్తం కావాలి.

ఇంట్లో అమరిక

ప్యాడ్ కొనేవారిలో చాలామంది హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఇక ఎవరికీ చప్పుడు వినపడదనుకుంటారు. ఇది సగమే నిజం. స్పీకర్ ధ్వని ఆగిపోతుంది గానీ, పుల్ల రబ్బరును తాకే టకటక గదిలో వినపడుతూనే ఉంటుంది. అంతకంటే పెద్ద సమస్య కనపడని దారిలో వెళుతుంది. దెబ్బ అదురు స్టాండ్ కాళ్ల గుండా నేలకు, నేల నుంచి శ్లాబుకు దిగుతుంది. అపార్ట్‌మెంటులో కింది ఇంటివారికి అది పైకప్పు మీద ఎవరో నడుస్తున్నట్టు వినిపిస్తుంది. కాలి కిక్ పెడల్ ఉంటే ఇది మరింత ఎక్కువ. గాలిలో వచ్చే ధ్వనిని ఆపడానికి తలుపు వేస్తే సరిపోతుంది, ఘనపదార్థం గుండా వెళ్లే అదురుకు మాత్రం నేలతో బంధం తెంచాలి. మందపాటి రబ్బరు చాప కొంత మేలు చేస్తుంది. ఇంకా గట్టి పరిష్కారం కావాలంటే రెండు ప్లైవుడ్ పలకల మధ్య టెన్నిస్ బంతులను వరుసగా, చిన్న గుంటల్లో కూర్చోబెట్టి దాని మీద స్టాండ్‌నూ స్టూల్‌నూ పెడతారు. ఖర్చు తక్కువ, ఫలితం బాగుంటుంది. గోడకు ఆనించి పెట్టిన స్టాండ్ మాత్రం ఈ శ్రమనంతా వృథా చేస్తుంది.

ఎత్తు విషయంలో పుల్లలు పట్టుకున్న చేతులే కొలత. భుజాలు వదులుగా దించి, మోచేతులు పక్కటెముకల దగ్గర ఉంచినప్పుడు ముంజేతులు నేలకు సమాంతరంగానో కొద్దిగా కిందికి వాలో ఉండాలి. పలకలు అంతకంటే ఎత్తులో ఉంటే భుజాలు లేస్తాయి, పావుగంటలో మెడ పట్టేస్తుంది. వేదిక మీద నిలబడి వాయించేవారు ఇంట్లో కూర్చుని సాధన చేస్తే స్టాండ్ ఎత్తు రెండుసార్లు మార్చుకోవాల్సి వస్తుంది. నిలబడి వాయించాల్సిన వాద్యాన్ని నిలబడే సాధన చేయడం మంచిది. ప్యాడ్‌ను వాయించేవారి వైపు కొద్దిగా వాల్చాలి. వాలు ఎక్కువైతే పుల్ల మొన గుచ్చుకున్నట్టు తగిలి, తిరిగి లేవడం తగ్గుతుంది.

కరెంటు విషయంలో అడాప్టర్ మీద శ్రద్ధ అవసరం. వోల్టేజి, ఆంపియర్లతో పాటు పిన్ను ధ్రువం కూడా కంపెనీని బట్టి మారుతుంది. రోలాండ్ 9 వోల్టుల అడాప్టర్లలో మధ్య పిన్ను ఋణధ్రువం. ఎన్నో ఇతర పరికరాల్లో అదే ధనధ్రువం. పిన్ను సరిపోయింది కదా అని ఇంట్లో ఉన్న ఏదో ఒక అడాప్టర్ పెట్టడం వల్ల ప్యాడ్‌లు పాడవుతాయి.

ధ్వని వినిపించే దారి

ఇంట్లో సాధనకు చెవులను పూర్తిగా కప్పే తీగ హెడ్‌ఫోన్స్ అన్నిటికంటే నయం. వేదిక ప్యాడ్‌లలో చాలావాటికి 6.35 మిల్లీమీటర్ల జాక్ ఉంటుంది కాబట్టి మామూలు 3.5 మిల్లీమీటర్ల పిన్నుకు కన్వర్టర్ కావాలి. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ ఈ పనికి పనికిరావు. సాధారణ బ్లూటూత్‌లో ధ్వని 100 మిల్లీసెకన్లకు మించి ఆలస్యమవుతుంది. నిమిషానికి 120 అక్షరాల కాలప్రమాణంలో ఒక అక్షరం అర సెకను. చతురశ్ర నడకలో అందులో ఒక్కో మాత్ర 125 మిల్లీసెకన్లు. అంటే దెబ్బ ఒక మాత్ర మీద పడితే ధ్వని దాదాపు తర్వాతి మాత్ర మీద వినపడుతుంది. అలా సాధన చేస్తే లయ కుదరదు సరికదా, ఉన్న లయ కూడా చెడుతుంది.

స్పీకర్ కావాలనుకుంటే కీబోర్డ్ యాంప్లిఫయర్ గానీ పవర్డ్ స్పీకర్ గానీ ఎంచుకోవాలి. గిటార్ యాంప్లిఫయర్ పై స్థాయి ధ్వనులను బాగా కోసేస్తుంది కాబట్టి హైహ్యాట్, సింబల్స్ మూగబోతాయి. పాటతో కలిపి సాధన చేయడానికి ఫోన్‌ను ప్యాడ్ వెనక ఉన్న ఆక్స్ ఇన్ లేదా మిక్స్ ఇన్ జాక్‌కు తీగతో కలపవచ్చు.

కంప్యూటర్‌లోని ధ్వనులను వాడేటప్పుడు ఆలస్యం మళ్లీ ముందుకొస్తుంది. సెకనుకు 44,100 శాంపిళ్లు నడిచే చోట బఫర్, అంటే ఒక విడతలో పోగేసే శాంపిళ్లు, 128 అయితే ఆలస్యం సుమారు 3 మిల్లీసెకన్లు, 512 అయితే సుమారు 12 మిల్లీసెకన్లు. బఫర్ కాక మిగతా దశల్లోనూ కొంత చేరుతుంది. గాలిలో ధ్వని ఒక మీటరు దాటడానికి 3 మిల్లీసెకన్లు పడుతుందన్నది గుర్తుంచుకుంటే ఈ అంకెలు అర్థమవుతాయి. మొత్తం 10 మిల్లీసెకన్లలోపు ఉంటే చేతికి ఇబ్బంది తెలియదు. విండోస్ కంప్యూటర్లలో దీనికి ఆలస్యం తగ్గించే ఆసియో డ్రైవర్ దాదాపు తప్పనిసరి. జనరల్ మిడి ప్రమాణంలో డ్రమ్ములకు 10వ ఛానెల్ కేటాయించారు. అందులో బేస్ డ్రమ్‌కు 36, స్నేర్‌కు 38, మూసిన హైహ్యాట్‌కు 42, తెరిచిన హైహ్యాట్‌కు 46 నోట్ సంఖ్యలు. ప్యాడ్ కొడుతున్నా సాఫ్ట్‌వేర్ పలకకపోతే మొదట చూడాల్సింది ఈ సంఖ్యలనే.

చెవుల సంగతి తేలిగ్గా తీసుకోకూడదు. 80 డెసిబెల్స్ స్థాయిలో వారానికి 40 గంటలు వినవచ్చునని, 90 డెసిబెల్స్ అయితే 4 గంటలే సురక్షితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ప్యాడ్ వాయించేవారు ఉత్సాహం కొద్దీ గట్టిగా కొట్టరు, వాల్యూమ్ పెంచుతారు. అది ఇంకా ప్రమాదం.

స్పందన సర్దుబాటు

కొత్త ప్యాడ్‌ను ఫ్యాక్టరీ సెట్టింగులతోనే ఏళ్ల తరబడి వాడేవారు ఎక్కువ. చేతి బరువు మనిషికో తీరు కాబట్టి ఇది నష్టం. సర్దుబాటును సెన్సిటివిటీతో మొదలుపెట్టాలి. తనకు అలవాటైన గట్టి దెబ్బకు వెలాసిటీ 127కు చేరువలో ఆగాలి. మామూలు దెబ్బకే 127 వస్తుంటే పైన ఇక చోటు లేదు, పాటంతా ఒకే బిగ్గరతనంతో నడుస్తుంది. తర్వాత థ్రెషోల్డ్, అంటే పలక పలకడానికి కావాల్సిన కనీస బలం. పుల్లను కేవలం బరువుతో వదిలినా ధ్వని పలికేంత కిందికి దాన్ని దించి, పక్క పలక దెబ్బకు పలకడం మొదలైన చోట కొంచెం పైకి జరపాలి. క్రాస్‌టాక్ నివారణ సెట్టింగును ఆఖరున, అవసరమైనంతే పెంచాలి. అది మరీ ఎక్కువైతే రెండు పలకలను కావాలని ఒకేసారి కొట్టినప్పుడు కూడా ఒకటి మాయమవుతుంది. సరైన సర్దుబాటుకు పరీక్ష ఏమిటంటే, ఒక చేత్తో స్నేర్‌ను గట్టిగా వాయిస్తూ రెండో చేత్తో పక్క పలకను చిటికెన వేలితో తాకినంత మెల్లగా కొట్టినా ఆ చిన్న దెబ్బ వినపడాలి.

కిట్ కూర్పు

ఒక పాటకు కావాల్సిన ధ్వనులను పలకల మీద పేర్చిన అమరికను కిట్ లేదా ప్యాచ్ అంటారు. రెండు చేతులతో మొత్తం లయను నడపాలి కాబట్టి ధ్వనులను చేతుల దారిని బట్టి పేర్చాలి. కింది వరుస మధ్య పలకలు రెండూ శ్రమ లేకుండా అందుతాయి. ఎక్కువసార్లు పడే బేస్, స్నేర్‌లు అక్కడ ఉండాలి. హైహ్యాట్ కుడి చేతి వైపు, అప్పుడప్పుడు పడే క్రాష్, టామ్స్ పై వరుసలో. డ్రమ్ సెట్ మీద స్నేర్, హైహ్యాట్ ఒకేసారి పడే చోట ప్యాడ్ మీద రెండు చేతులూ ఖర్చవుతాయి. అందుకే చాలామంది ఒకే పలక మీద ఆ రెండు ధ్వనులను పొరలుగా కలిపి పెడతారు. తెరిచిన హైహ్యాట్‌నూ మూసినదాన్నీ ఒకే మ్యూట్ గ్రూపులో ఉంచితే మూసినది కొట్టగానే తెరిచినదాని మోత ఆగుతుంది. నిజమైన హైహ్యాట్ చేసేదీ అదే.

సొంత ధ్వనులను ఎక్కించుకునే సౌకర్యం తెలుగువారికి ప్రత్యేకంగా పనికొస్తుంది. విదేశీ కంపెనీల ధ్వని సంచయాల్లో తబలా, ఢోలక్ దొరుకుతాయి గానీ డప్పు అరుదు. ఒక చేత చిర్ర, మరో చేత చిటికెన పుల్ల పట్టి వాయించే డప్పులో రెండు చేతుల నాదం వేరు. కాబట్టి రెండింటినీ వేర్వేరు పలకలకు రికార్డు చేయాలి. చర్మం చల్లారితే నాదం మెత్తబడుతుంది కనుక డప్పును మంట దగ్గర కాచి, గట్టి పలుకు వచ్చాకే తీయాలి. ప్రతి దెబ్బనూ కనీసం మూడు స్థాయుల బలంతో కొట్టించి, మొదలు భాగంలోని నిశ్శబ్దాన్ని పూర్తిగా కత్తిరించాలి. ముందు 20 మిల్లీసెకన్ల ఖాళీ మిగిలినా వాయించేటప్పుడు అది ఆలస్యంగానే తెలుస్తుంది. 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ స్టీరియో వేవ్ ఫైలు నిమిషానికి దాదాపు 10 మెగాబైట్లు తింటుంది. ఒక్కో డప్పు దెబ్బ సెకను కూడా ఉండదు కాబట్టి చోటు సమస్య రాదు.

వాయించే పద్ధతి

పుల్లను కింది చివర నుంచి సుమారు మూడో వంతు దగ్గర బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి, మిగిలిన వేళ్లను వదులుగా చుట్టాలి. దెబ్బ మణికట్టు నుంచి రావాలి. రబ్బరు పుల్లను పైకి తోస్తుంది. ఆ తోపును అడ్డుకోకుండా వాడుకోవడమే సగం విద్య. పలకలు చిన్నవి కావడం వల్ల పుల్ల అంచు మీద పడితే బలం సరిగా నమోదు కాదు. అందుకే తొలి వారాల్లో వేగం కంటే ప్రతి దెబ్బ పలక నడుమ పడటం ముఖ్యం.

పాశ్చాత్య డ్రమ్ శిక్షణలో ప్రాథమిక పాఠాలను రూడిమెంట్స్ అంటారు. అమెరికాలోని పర్కసివ్ ఆర్ట్స్ సొసైటీ ఖరారు చేసిన జాబితాలో ఇవి 40. ఇంటి సాధనకు మొదట మూడు చాలు: కుడి ఎడమ చేతులు మార్చి మార్చి వేసే సింగిల్ స్ట్రోక్, చేతికి రెండేసి వేసే డబుల్ స్ట్రోక్, కుడి-ఎడమ-కుడి-కుడి, ఎడమ-కుడి-ఎడమ-ఎడమగా సాగే పారాడిడిల్. నిమిషానికి 60 కాలప్రమాణంలో మొదలుపెట్టి, రెండు చేతుల ధ్వనీ సమానంగా వినపడిన తర్వాతే వేగం పెంచాలి. దాదాపు ప్రతి ప్యాడ్‌లో మెట్రోనోమ్ ఉంటుంది. దాన్ని వాడనివారికి ఎన్ని ధ్వనులున్నా లయ నిలవదు.

తాళజ్ఞానం ఉన్నవారికి ప్యాడ్ త్వరగా పట్టుబడుతుంది. ఆదితాళంలోని ఎనిమిది అక్షరాలను లఘువు, రెండు ద్రుతాలుగా చేత్తో వేస్తూ నోటితో నడక చెప్పుకోవడం అలవాటైతే, అదే నడకను పలకల మీదికి దించడం తేలిక. మిశ్రచాపు ఏడింటిని మూడు, నాలుగుగా, ఖండచాపు ఐదింటిని రెండు, మూడుగా విడదీసి, ప్రతి భాగం మొదటి అక్షరానికి బేస్‌ను, మిగిలినవాటికి పై ధ్వనిని పెట్టి వాయించడం మంచి అభ్యాసం. సినిమా పాటల్లో ఎక్కువగా వినపడే ఎనిమిది మాత్రల కెహర్వా, ఆరు మాత్రల దాద్రా నడకలు చేతికి వస్తే సగం పాటలకు తోడు వాయించవచ్చు. ప్యాడ్‌లో ముందే ఉన్న లూపులను నొక్కి వదిలేయడం కచేరీలో పని గడిపిస్తుంది గానీ చెయ్యిని పెంచదు.

కాలి పెడల్‌కు బేస్ డ్రమ్‌ను అప్పగిస్తే చేతులకు తీరిక దొరుకుతుంది. ఇంట్లో అదురు సమస్య లేనివారు దీన్ని త్వరగా మొదలుపెట్టవచ్చు. కాలు, చెయ్యి విడివిడిగా ఆలోచించడం నేర్చుకోవడానికి నెలలు పడుతుంది.

ప్యాడ్‌కు అందనివి

తబలా బాయాం మీద అరచేతి మడమను జరిపి పలికించే జారుడు, మృదంగం తొప్పి మీది గుమికి ప్యాడ్‌లో పూర్తిగా రావు. దెబ్బ పడిన క్షణాన్నే అది గుర్తిస్తుంది, దెబ్బ తర్వాత చెయ్యి ఏం చేసిందో దానికి చాలావరకు తెలియదు. ఈ లోటు తీర్చడానికి రోలాండ్ 2000లో చేతివేళ్లతో వాయించే హ్యాండ్‌సోనిక్ హెచ్‌పీడీ-15ను తెచ్చింది. గుండ్రని ఒకే ఫలకం మీద పదిహేను విభాగాలు, ఒత్తిడిని గ్రహించే ఏర్పాటు దానిలో ఉన్నాయి. అంతకుముందే 1994లో కోర్గ్ సంస్థ వేవ్‌డ్రమ్‌లో మరో మార్గం ప్రయత్నించింది. పైచర్మం కంపాన్నే ముడిసరుకుగా తీసుకుని దాన్ని ఎలక్ట్రానిక్‌గా మలచడం వల్ల గోరుతో గీకినా అరచేత్తో రుద్దినా అది పలికేది. కొట్టే చోటునూ మోగే చోటునూ తిరిగి కలిపే ప్రయత్నాల్లో ఇది చెప్పుకోదగ్గది. అయినా శాస్త్రీయ కచేరీలో మృదంగం స్థానాన్ని ఏ ప్యాడూ తీసుకోలేదు, తీసుకోవాల్సిన అవసరమూ లేదు.

సంరక్షణ

రబ్బరు పలకలను పొడి మెత్తటి గుడ్డతో తుడవాలి. స్పిరిట్, థిన్నర్ వంటివి వాటిని బిరుసెక్కిస్తాయి. పుల్ల మొన చెక్కుచెదిరితే మార్చేయాలి, లేకపోతే పలక చిరుగుతుంది. వేసవిలో కారు డిక్కీలో వదిలేస్తే లోపలి అతుకులు ఊడి, ఒక పలక ఉన్నట్టుండి బలహీనంగా పలకడం మొదలవుతుంది. పీజో బిళ్ల తీగ తెగినా ఇదే లక్షణం కనిపిస్తుంది. ఎలక్ట్రానిక్స్ మరమ్మతు తెలిసినవారు కొద్ది ఖర్చుతో దాన్ని బాగుచేస్తారు. శ్రమపడి కూర్చిన కిట్‌లను, రికార్డు చేసిన ధ్వనులను పెన్‌డ్రైవ్‌కో కంప్యూటర్‌కో నెలకోసారి కాపీ చేసి పెట్టుకోవాలి. ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే అవన్నీ ఒక్కసారిగా చెరిగిపోతాయి.